పెన్షన్ క్రెడిట్ లిమిట్ కంటే 5 పౌండ్లు ఎక్కువుంటే ఏమీ రాదా? యూకేలో రూల్స్ మారాక పెద్దవాళ్ళ ఇళ్ళలో, తక్కువ ఆదాయం ఇళ్ళలో ఏం జరుగుతోంది

మీరు అడిగింది ఒకసారి నా మాటల్లో పెడతాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. మీ నాన్నగారికి 78, ఇంగ్లండ్‌లో సొంతింట్లో ఒక్కరే ఉంటున్నారు, అమ్మగారు పోయినేడాది కాలం చేశారు. స్టేట్ పెన్షన్ వారానికి 176.45 పౌండ్లు, పాత ఫ్యాక్టరీ పెన్షన్ 56, బ్యాంకులో 9 వేలు. మోకాళ్ళు బాగా పట్టేశాయి, బాత్రూంలో ఈమధ్య రెండుసార్లు పడ్డారు. తెలిసినవాళ్ళెవరో లెక్కవేసి పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న పెద్దవాళ్ళకి ప్రభుత్వం పైన కలిపి ఇచ్చే డబ్బు) లిమిట్ వారానికి 227.10, మీది 232.45, 5 పౌండ్లు ఎక్కువుంది కాబట్టి ఏమీ రాదు అన్నారు. 2024-25 చలికాలంలో వింటర్ ఫ్యూయెల్ పేమెంట్ (హీటింగ్ ఖర్చుకి ప్రభుత్వం పెద్దవాళ్ళకి ఇచ్చే డబ్బు) రాలేదు, 2025-26లో వచ్చింది, మళ్ళీ వెనక్కి లాగేస్తారేమోనని భయంగా ఉంది. దాంతోపాటు మీ చిన్నాన్నగారు 67, పిన్నిగారు 60, వాళ్ళకి ఏ దారీ లేదంటున్నారు. చెల్లెలు వాళ్ళది ముగ్గురు పిల్లలతో యూనివర్సల్ క్రెడిట్ (పనిచేసే వయసులో ఆదాయం తక్కువున్న ఇళ్ళకి ఇచ్చేది) మీద నడిచే ఇల్లు, వాళ్ళాయనకి షిఫ్టులు తగ్గించారు. ఇంతేనా అండి?

నేను ఇక్కడ ఒక అడ్వైస్ సెంటర్‌లో వాలంటీర్‌గా ఏళ్ళ తరబడి ఈ ఫారాలే నింపిస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, నాన్నగారికి ఏమీ రాదు అన్నది తప్పు, ఆ 5 పౌండ్ల మాట విని క్లెయిమ్ వెయ్యకుండా కూర్చుంటే ఏడాదికి వేల పౌండ్లు పోతాయి. ఈ కింద చెప్పే అంకెలన్నీ 2025-26 రేట్లు, ఏటా ఏప్రిల్‌లో మారతాయి కానీ లెక్క తీరు మాత్రం ఇదే.

ముందు వింటర్ ఫ్యూయెల్ సంగతి, భయపడుతున్నారు కాబట్టి. 1997లో మొదలైన అది ఆదాయంతో పనిలేకుండా పెద్దవాళ్ళందరికీ వచ్చేది, 2024 నాటికి 80 లోపు 200, 80 దాటితే 300. 2024 జూలై 29న ఆర్థికమంత్రి హోదాలో రేచల్ రీవ్స్ నిలబడి ఇకమీదట పెన్షన్ క్రెడిట్ లాంటి బెనిఫిట్ ఉన్నవాళ్ళకే అన్నారు, దాంతో దాదాపు కోటీ 8 లక్షల మందికి వచ్చేది ఒక్కసారిగా 15 లక్షల దగ్గరికి పడిపోయింది. ఆ చలికాలం నేను చూసింది ఏంటంటే, బాగా లేనివాళ్ళ కంటే మీ నాన్నగారి లాంటి వాళ్ళే ఎక్కువ నలిగిపోయారు, లిమిట్‌కి ఒక పౌండ్ అటున్న మనిషికి అన్నీ, ఇటున్న మనిషికి ఏమీ లేదు, హీటింగ్ ఆపేసి కోటు వేసుకుని ఇంట్లో కూర్చున్న పెద్దవాళ్ళు ఎంతమందో. 2025 జూన్‌లో వెనక్కి తగ్గి, 2025-26 చలికాలానికి ఇంగ్లండ్, వేల్స్‌లో మళ్ళీ అందరికీ ఇచ్చి, ట్యాక్స్ లెక్కలోకి వచ్చే ఆదాయం ఏడాదికి 35 వేలు దాటినవాళ్ళ దగ్గర మాత్రం హెచ్ఎంఆర్సీ (ట్యాక్స్ శాఖ) ద్వారా తిరిగి తీసుకుంటాం అన్నారు. నాన్నగారి ఆదాయం ఏడాదికి 12 వేల చిల్లర, ఆయన దగ్గర ఎవరూ ఏమీ లాగరు, ఆ 200 ఆయనవే, నిశ్చింతగా ఖర్చు పెట్టుకోమనండి. భార్యాభర్తలున్న ఇంట్లో కూడా ఎవరి ఆదాయం వాళ్ళదే చూస్తారు, కలిపి చూడరు. ఇంకోటి, ఇది చాలామందికి దానంతటదే అకౌంట్‌లో పడుతుంది, వింటర్ ఫ్యూయెల్‌కి అప్లై చెయ్యండి అని లింక్‌తో మెసేజ్ వస్తే అది మోసం, నొక్కొద్దు, నాన్నగారి ఫోన్లో మీరే చూసి డిలీట్ చేసెయ్యండి.

ఇప్పుడు అసలు విషయం. పెన్షన్ క్రెడిట్‌లో రెండు భాగాలుంటాయి, గ్యారంటీ క్రెడిట్, సేవింగ్స్ క్రెడిట్. మీకు చెప్పినవాళ్ళు మొదటిదే చూశారు. 227.10 అనేది ఒంటరి మనిషికి గ్యారంటీ క్రెడిట్ మామూలు లిమిట్, జంటకైతే 346.60. రెండోది 2016 ఏప్రిల్ 6 కంటే ముందు పెన్షన్ వయసు వచ్చిన వాళ్ళకి, నాన్నగారికి 65 నిండింది 2012 ప్రాంతంలో కాబట్టి ఆయన అందులోకి వస్తారు. ఎప్పుడో కష్టపడి కాస్త పెన్షన్ కూడబెట్టుకున్నవాళ్ళకి ఇచ్చేది అది. ఒంటరి మనిషికి 198.27 దగ్గర మొదలవుతుంది. నాన్నగారి 232.45లోంచి అది తీసేస్తే 34.18, దాంట్లో 60 శాతం అంటే 20.51, కానీ గరిష్ఠం 17.30 కాబట్టి 17.30 దగ్గర ఆగుతుంది. లిమిట్ దాటిన 5.35లో 40 శాతం, అంటే 2.14 కోస్తారు. మిగిలింది 15.16. అంటే ఇవాళ, ఇంకేమీ మారకుండానే ఆయనకి వారానికి 15 పౌండ్లు రావాలి. లిమిట్ దాటిందని చెప్పిన మనిషికే.

15 పౌండ్లేగా అనుకోకండి, దాని వెనకాల వచ్చేవి ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తా. దానికంటే ముందు మోకాళ్ళ సంగతి.

అటెండెన్స్ అలవెన్స్ అని ఒకటుంది, పెన్షన్ వయసు దాటాక జబ్బు వల్లో ఒంట్లో చేతకాకో రోజువారీ పనుల్లో సాయం కావాల్సిన వాళ్ళకి. దీనికి ఆదాయం చూడరు, సేవింగ్స్ చూడరు, సొంతిల్లుందా అని అడగరు. పగలో రాత్రో ఒక్కపూటే సాయం కావాలంటే వారానికి 73.90, పగలూ రాత్రీ కావాలంటే 110.40. ఆరు నెలల నుంచి ఇబ్బంది ఉండాలి. స్కాట్లండ్‌లో దీని బదులు వేరే పేమెంట్ ఉంది, మీది ఇంగ్లండ్ కాబట్టి ఇదే. చాలామంది అనుకునేది ఏంటంటే ఎవరో ఒకరు వచ్చి సాయం చేస్తూ ఉంటేనే ఇస్తారని, అది కాదు, సాయం అవసరమా లేదా అన్నదే రూల్, చేసేవాళ్ళు లేక ఆయన ఒక్కరే నానా అవస్థా పడి చేసుకుంటున్నా అవసరం అవసరమే.

ఫారం మాత్రం పెద్దది, అక్కడే మనవాళ్ళు దెబ్బతింటారు. మన పెద్దవాళ్ళని ఎలా ఉన్నారండీ అంటే "బానే ఉన్నా" అంటారు, ఫారంలో కూడా అదే రాయిస్తారు. స్నానం మీరే చేస్తారా అంటే చేస్తా అంటారు, దాంతో ఆ గడి ఖాళీగా పోతుంది. అలా కాదు, మీరు ఒక శనివారం పక్కన కూర్చుని ఒక్కో పనీ విడదీసి అడగండి. బాత్ టబ్‌లోకి కాలు ఎత్తి ఎలా పెడతారు, దేన్ని పట్టుకుంటారు, ఆ పట్టుకున్నది సింక్ అంచా టవల్ కడ్డీనా, లోపల కూర్చుంటే తిరిగి లేవగలరా, అందుకే కూర్చోవడం మానేసి నిలబడి మగ్గుతో పోసుకుంటున్నారా, వీపూ పాదాలూ అందుతాయా, పడతానన్న భయంతో వారంలో ఎన్నిసార్లు స్నానం ఎగ్గొడుతున్నారు. సాక్సులు వేసుకోడానికి ఎంతసేపు పడుతుంది, మధ్యలో ఎన్నిసార్లు ఆగుతారు. రాత్రి బాత్రూంకి లేచినప్పుడు గోడ పట్టుకుని వెళ్తారా. పడ్డ రెండుసార్లూ ఎక్కడ, ఎలా, లేవడానికి ఎంతసేపు పట్టింది, ఎవరు లేపారు. ఇవన్నీ రాయండి, గడి సరిపోకపోతే వేరే కాగితం జతచెయ్యండి, మంచిరోజు గురించి కాకుండా ఒళ్ళు బాలేని రోజు ఎలా ఉంటుందో రాసి అలాంటి రోజులు వారంలో ఎన్నో కూడా రాయండి. అబద్ధం ఒక్కటి కూడా అక్కర్లేదు, ఉన్నది దాచకుండా రాస్తే చాలు. దీనికి వెనక్కి తేదీ వేసి ఇవ్వరు కాబట్టి ముందు ఫోన్ చేసి ఫారం అడగండి, ఆరు వారాల్లోపు నింపి పంపితే మీరు ఫోన్ చేసిన తేదీ నుంచే లెక్కేస్తారు.

ఇక ఈ అలవెన్స్ వచ్చాక పెన్షన్ క్రెడిట్ లెక్క మొత్తం తిరిగిపోతుంది, ఇది చాలామందికి తెలియదు, ఆఫీసులో కూడా మీరు అడిగితే తప్ప ఎవరూ పిలిచి చెప్పరు. ఒంటరిగా ఉంటూ, అటెండెన్స్ అలవెన్స్ వస్తూ, తనని చూసుకుంటున్నందుకు ఇంకెవరూ కేరర్స్ అలవెన్స్ (చూసుకునే మనిషికి ఇచ్చే డబ్బు) తీసుకోకుండా ఉంటే ఆ మనిషి లిమిట్‌కి సివియర్ డిజెబిలిటీ అడిషన్ అని 82.90 కలుపుతారు. అంటే నాన్నగారి లిమిట్ 227.10 కాదు, 310 అవుతుంది. అటెండెన్స్ అలవెన్స్‌ని ఆదాయంగా లెక్కవెయ్యరు, కాబట్టి ఆదాయం అదే 232.45. తేడా 77.55 గ్యారంటీ క్రెడిట్. కోత లేదు కాబట్టి సేవింగ్స్ క్రెడిట్ పూర్తిగా 17.30. పైన 73.90 అలవెన్స్ ఎలాగూ ఉంది. మొత్తం కలిపితే వారానికి 168.75, ఏడాదికి 8,700 పౌండ్ల పైమాట. 5 పౌండ్లు ఎక్కువుంది ఏమీ రాదు అన్న మనిషికి ఇది. అందుకే నేను ఎవరికైనా ఒకటే చెప్తా, వస్తుందో రాదో మన లెక్కతో మనం తేల్చెయ్యకూడదు, క్లెయిమ్ వేసి వాళ్ళ చేత కాగితం మీద చెప్పించుకోవాలి. అర్హత ఉన్న ఇళ్ళలో దాదాపు మూడోవంతు పెన్షన్ క్రెడిట్ అడగనే అడగట్లేదని ప్రభుత్వ లెక్కలే చెప్తున్నాయి, వాళ్ళలో ఎంతమందికి ఇలాగే ఎవరో "లిమిట్ దాటింది" అని చెప్పి ఉంటారో ఆలోచించండి.

ఒక జాగ్రత్త, మీరు గానీ ఇంకెవరైనా పెద్దవాళ్ళు గానీ ఆయనతో ఉండటానికి వచ్చేస్తే ఆ 82.90 సాధారణంగా పోతుంది. రావొద్దని చెప్పట్లేదు, మనిషి తోడు డబ్బు కంటే ముఖ్యం, తెలిసి నిర్ణయించుకోండి అంతే, వచ్చిన రోజే ఆఫీసుకి చెప్పండి.

వరస ఇలా పెట్టుకోండి, పెన్షన్ క్రెడిట్ ఇవాళే వెయ్యండి, అటెండెన్స్ కోసం ఆగొద్దు. లైన్ నంబర్ 0800 99 1234, ఆన్‌లైన్‌లో కూడా వెయ్యొచ్చు, నాన్నగారికి ఇంగ్లీష్‌లో ఫోన్ మాట్లాడటం కష్టమైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, డబ్బు తీసుకోరు. అంతకుముందు 3 నెలలకి కూడా అర్హత ఉంది, బ్యాక్‌డేట్ చెయ్యండి అని గట్టిగా అడగండి. అటెండెన్స్ అవార్డ్ లెటర్ రాగానే అదే రోజు పెన్షన్ క్రెడిట్ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, వాళ్ళకే తెలిసిపోతుందిలే అని వదిలెయ్యొద్దు, రెండూ డీడబ్ల్యూపీ (పెన్షన్లు, బెనిఫిట్లు చూసే ప్రభుత్వ శాఖ) వే అయినా ఒకరి కాగితం ఇంకొకరికి చేరుతుందన్న నమ్మకం పెట్టుకోకండి.

దీని వెనకాల వచ్చేవి అన్నాను కదా. 75 దాటి పెన్షన్ క్రెడిట్ ఉంటే టీవీ లైసెన్స్ ఫ్రీ, 2020 ఆగస్టు నుంచి ఇదే రూల్, 2025-26లో అది 174.50, ఇక్కడ ఒక్క సేవింగ్స్ క్రెడిట్ ఉన్నా చాలు. కరెంట్ బిల్లులో 150 తగ్గించే వార్మ్ హోమ్ డిస్కౌంట్, వరసగా ఏడు రోజులు గడ్డకట్టే చలి ఉంటే 25 పౌండ్ల కోల్డ్ వెదర్ పేమెంట్. గ్యారంటీ క్రెడిట్ వస్తే పళ్ళ వైద్యం, కళ్ళజోడు వోచర్, అన్నిటికంటే పెద్దది కౌన్సిల్ ట్యాక్స్ (మన ఇంటిపన్ను లాంటిది) తగ్గించే కౌన్సిల్ ట్యాక్స్ సపోర్ట్. పనిచేసే వయసువాళ్ళకి 2013 నుంచి ఏ కౌన్సిల్ ఇష్టం ఆ కౌన్సిల్‌ది, పెద్దవాళ్ళకి మాత్రం దేశమంతా ఒకే రూల్, గ్యారంటీ క్రెడిట్ ఉన్న ఒంటరి మనిషికి మామూలుగా పూర్తిగా మాఫీ. కానీ దానికి కౌన్సిల్‌కి విడిగా అప్లై చెయ్యాలి. అమ్మగారు పోయాక ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇచ్చే 25 శాతం తగ్గింపు అడిగారో లేదో కూడా చూడండి, అడగకపోతే ఇప్పుడైనా అడగండి, అమ్మగారు పోయిన తేదీ చెప్పి ఆనాటి నుంచి ఇమ్మనండి.

బిల్లులు ఎవరి పేరున ఉన్నాయో తప్పకుండా చూడండి. కరెంట్ అకౌంట్ ఇంకా అమ్మగారి పేరునే ఉంటే వార్మ్ హోమ్ డిస్కౌంట్ రాదు, బిల్లు మీద పేరూ బెనిఫిట్ మీద పేరూ ఒకటిగా ఉండాలి. ఇలా పోయినవాళ్ళ పేరు మీదే బిల్లు నడుస్తూ ఏటా 150 పోగొట్టుకునే ఇళ్ళు నేను చాలా చూశాను, మార్చాలంటే మనసొప్పదు, నాకు తెలుసు, కానీ మార్చాలి. అలాగే అమ్మగారి పెన్షన్‌లో నాన్నగారికి సంక్రమించేది ఏమైనా ఉందా అని పెన్షన్ సర్వీస్‌ని అడగండి, పాత పద్ధతి పెన్షన్ వాళ్ళకి కొంతమందికి ఉంటుంది. దాంతో ఆదాయం మారితే ఈ లెక్కలూ మారతాయి.

ఇప్పుడు మనవాళ్ళకి మాత్రమే ప్రత్యేకంగా తగిలే రెండు విషయాలు, ఇంగ్లీష్ వెబ్‌సైట్లలో ఎక్కడో అడుగున ఉంటాయి.

ఒకటి, ఊళ్ళో పొలం, స్థలం. బ్యాంకులో 9 వేలు బాధ లేదు, పెన్షన్ క్రెడిట్‌లో 10 వేల దాకా పట్టించుకోరు, ఆ పైన ప్రతి 500కీ వారానికి 1 పౌండ్ ఆదాయం ఉన్నట్టు లెక్కేస్తారు. ఉండే ఇల్లు లెక్కలోకి రాదు. కానీ ఇండియాలో ఆయన పేరు మీద ఉన్న ఆస్తి కూడా ఈ సేవింగ్స్ లెక్కలోకే వస్తుంది, అక్కడుంది కదా ఇక్కడ ఎవరికి తెలుసు అనుకోవడం చాలా ప్రమాదం, తర్వాత బయటపడితే ఇచ్చిందంతా వెనక్కి కట్టమంటారు, ఫ్రాడ్ కేసు దాకా వెళ్తుంది. పొలం విలువ 31 వేల పౌండ్లు అనుకోండి, బ్యాంకులో 9 వేలతో కలిపి 40 వేలు, 10 వేలు తీసేస్తే 30 వేలు, వారానికి 60 పౌండ్ల ఆదాయం కింద చూస్తారు. అన్నదమ్ముల ఉమ్మడిదైతే ఆయన వాటా మాత్రమే. ఇప్పుడు క్లెయిమ్ కోసమని హడావుడిగా తమ్ముడి పేరుకి రాసిచ్చేసినా లాభం లేదు, బెనిఫిట్ కోసం వదిలించుకున్నారని తేలితే ఇంకా ఆయన దగ్గర ఉన్నట్టే లెక్కేస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, విలువకి కాగితం పెట్టండి. 60 పౌండ్లు కలిపినా పైన చెప్పిన 310 లిమిట్‌కి ఇంకా లోపలే ఉంటారు చూడండి, కాబట్టి దాచాల్సిన పనే లేదు.

రెండోది ఇండియా ప్రయాణాలు. చలికాలం ఇక్కడ భరించలేక మూడు నెలలు ఊరెళ్ళి రావడం మన పెద్దవాళ్ళకి మామూలే. 2016 జూలై నుంచి పెన్షన్ క్రెడిట్ రూల్ ఏంటంటే నాలుగు వారాల లోపు వెళ్ళొస్తే ఆగదు, దగ్గరి బంధువు చనిపోయిన పని మీద అయితే ఎనిమిది వారాల దాకా, వైద్యం కోసమైతే 26 వారాల దాకా పొడిగింపు ఉంటుంది. కానీ మూడు నెలల రిటర్న్ టికెట్‌తో బయల్దేరితే నాలుగు వారాలు కూడా ఇవ్వరు, వెళ్ళిన రోజు నుంచే ఆపేస్తారు, ఎందుకంటే నాలుగు వారాలు దాటకూడదన్న ఉద్దేశంతో వెళ్ళాలి. వెళ్ళేముందు చెప్పి వెళ్ళండి, తిరిగొచ్చాక కొత్తగా క్లెయిమ్ వెయ్యండి. అటెండెన్స్ అలవెన్స్‌కి 13 వారాల దాకా వెసులుబాటు ఉంది. స్టేట్ పెన్షన్ ఆగదు, కానీ ఇండియా వెళ్ళి స్థిరపడిపోతే మాత్రం ఏటా ఏప్రిల్‌లో పెరిగే పెంపు రాదు, వెళ్ళినప్పటి అంకె దగ్గరే నిలిచిపోతుంది. 2026 ఏప్రిల్ పెంపు 4.8 శాతం, అలాంటి పెంపులు పదేళ్ళు పోగొట్టుకుంటే ఎంతవుతుందో చూసుకుని నిర్ణయించుకోవాలి.

చిన్నాన్న, పిన్నిగార్ల విషయం నాకు నిజంగా బాధ కలిగించేది. 2019 మే 15 దాకా జంటలో ఒక్కరికి పెన్షన్ వయసొస్తే చాలు, ఇద్దరికీ కలిపి పెన్షన్ క్రెడిట్ అడగొచ్చు. ఆ రోజు నుంచి కొత్తగా అడిగేవాళ్ళకి ఇద్దరికీ వయసు రావాలి, అప్పటిదాకా యూనివర్సల్ క్రెడిట్ (యూసీ)కే వెళ్ళాలి. చిన్నాన్నగారికి స్టేట్ పెన్షన్ వారానికి 180 అనుకుందాం, వేరే ఏమీ లేదు. పాత రూల్‌లో 346.60 దాకా నింపేవారు, అంటే 166.60 వచ్చేది. ఇప్పుడు యూసీలో జంటకి నెలకి 628.10, అందులోంచి ఆయన పెన్షన్ నెలకి 780 పూర్తిగా తీసేస్తారు, మిగిలేది సున్నా. ఆయన ఒంటరిగా ఉండి ఉంటే 227.10 దాకా నింపేవాళ్ళు, భార్య ఉండటం వల్ల ఇద్దరూ కలిసి 180తో బతకాలి. పిన్నిగారు పుట్టిన సంవత్సరం ప్రకారం ఆవిడ పెన్షన్ వయసు 67, ఇంకో ఏడేళ్ళు. ఈ వయసు పెంపు 66 నుంచి 67కి 2026 ఏప్రిల్‌లో మొదలై 2028 దాకా సాగుతుంది, అంటే ఇలాంటి జంటలు వేచి ఉండే కాలం ఇంకా పెరిగినట్టే. ఇంత అన్యాయమైన రూల్ ఇంకోటి నాకు కనపడదు, మా సెంటర్ నుంచి మా ఎంపీకి దీని గురించి రాస్తూనే ఉన్నాం, మీరూ మీ ఎంపీకి రాయండి.

అయినా ఏ దారీ లేదన్నది నిజం కాదు. యూసీ ఎలాగూ సున్నా వచ్చేట్టుంటే యూసీలో లేకుండా కౌన్సిల్ ట్యాక్స్ సపోర్ట్ వెయ్యండి, ఇద్దరిలో ఒకరికి పెన్షన్ వయసుండి ఇద్దరూ యూసీలో లేకపోతే కౌన్సిల్ పెద్దవాళ్ళ రూల్స్ ప్రకారమే చూడాలి, అది చాలా మెరుగు. అద్దె ఇల్లయితే మాత్రం యూసీలో అద్దె భాగం వస్తుంది కాబట్టి లెక్క వేరు, అద్దె ఎంతో చెప్తే చూద్దాం. చిన్నాన్నగారికి ఆరోగ్యం బాలేకపోతే అటెండెన్స్ అలవెన్స్ ఆయన హక్కు, అది వచ్చి పిన్నిగారు వారానికి 35 గంటలు ఆయన్ని చూసుకుంటుంటే ఆవిడకి కేరర్స్ అలవెన్స్ 83.30, బయట పనిచేసినా వారానికి 196 దాకా సంపాదించుకోవచ్చు, ఆవిడ పెన్షన్ రికార్డుకి క్రెడిట్లు కూడా పడతాయి. చిన్నాన్నగారి వింటర్ ఫ్యూయెల్ ఆయనకి ఎలాగూ వస్తుంది. ఇది చదువుతున్న వాళ్ళలో ఎవరైనా 2019కి ముందు నుంచే పెన్షన్ క్రెడిట్ తీసుకుంటున్న ఇలాంటి వయసు తేడా జంట ఉంటే దయచేసి వినండి, ఇండియాలో నాలుగు వారాలు దాటి ఉండి అది ఆగిపోతే, వచ్చాక మళ్ళీ పాత రూల్ కిందికి రానివ్వకపోవచ్చు. టికెట్ కొనేముందే ఎవరైనా అడ్వైజర్‌తో మాట్లాడండి.

చెల్లెలి ఇంటికి మంచి వార్తే. 2017 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన మూడో పిల్లకి యూసీలో ఏమీ ఇవ్వని రూల్‌ని 2026 ఏప్రిల్ నుంచి తీసేస్తున్నట్టు 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రకటించారు, నెలకి 300 పౌండ్ల చిల్లర. మూడో పాప వివరాలు యూసీ అకౌంట్‌లో ఎక్కించి ఉన్నాయా అని ఇప్పుడే చూడమనండి, డబ్బు రావట్లేదు కదా అని చాలామంది ఎక్కించరు, ఎక్కించకపోతే డబ్బు ఆలస్యం అవుతుంది. కానీ బెనిఫిట్ క్యాప్ (ఒక ఇంటికి వచ్చే మొత్తం బెనిఫిట్ల మీద పెట్టిన గరిష్ఠ పరిమితి) అలాగే ఉంది, లండన్ బయట కుటుంబానికి ఏడాదికి 22,020, లండన్‌లో 25,323. ఇద్దరిదీ కలిపి నెల సంపాదన 846 దాటితే ఆ క్యాప్ తగలదు, ఆ 846 కూడా ఏటా ఏప్రిల్‌లో మినిమం వేజ్‌తో పాటు పెరుగుతుంది. మీ చెల్లెలి భర్తకి షిఫ్టులు తగ్గించారన్నారు కదా, సంపాదన ఆ గీత కిందికి జారితే కొత్తగా వచ్చే 300లో కొంత, ఒక్కోసారి మొత్తం క్యాప్ మింగేస్తుంది. అంతకుముందు ఏడాదంతా ఆ గీత పైనే సంపాదించి ఉంటే తొమ్మిది నెలల గడువు ఇస్తారు, పేస్లిప్పులు జాగ్రత్తగా ఉంచమనండి. షిఫ్టుల విషయంలో మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ఈ గీత తెలిసి మాట్లాడితే మంచిది. ఆ ఇంట్లో ఎవరి వీసా మీదైనా నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ బెనిఫిట్లు తీసుకోకూడదు) అని ఉంటే మాత్రం కొత్తగా ఏదీ అడగకముందే ఇమ్మిగ్రేషన్ తెలిసినవాళ్ళని కలవాలి. స్పాన్సర్‌షిప్ అండర్‌టేకింగ్ (వాళ్ళ పోషణ బాధ్యత మాదే అని రాసిచ్చిన కాగితం) మీద వచ్చిన తల్లిదండ్రులు కూడా ముందు అలాగే కలవాలి, వాళ్ళకి మామూలుగా మొదటి ఐదేళ్ళు పెన్షన్ క్రెడిట్, యూసీ లాంటివి ఉండవు. స్టేట్ పెన్షన్ పబ్లిక్ ఫండ్ కాదు, పెన్షన్ క్రెడిట్, అటెండెన్స్ అలవెన్స్, యూసీ మాత్రం పబ్లిక్ ఫండ్సే.

చివరగా, కాదు అని లెటర్ వస్తే కంగారు పడొద్దు. అటెండెన్స్ మొదటిసారి తిప్పికొట్టడం కూడా జరుగుతూ ఉంటుంది. లెటర్ మీద తేదీ నుంచి ఒక నెల లోపు మాండేటరీ రీకన్సిడరేషన్ (ఆ నిర్ణయాన్ని మళ్ళీ చూడమని) అడగాలి, అదీ కాదంటే ఇంకో నెలలో ట్రిబ్యునల్‌కి, అక్కడ కూర్చునేవాళ్ళు డీడబ్ల్యూపీ మనుషులు కారు, నాన్నగారి మాట విని నిర్ణయిస్తారు. వచ్చిన ప్రతి కాగితం కవర్‌తో సహా దాచండి. పెన్షన్ క్రెడిట్ ఫోన్‌కి ముందు ఆయన నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్, ఫ్యాక్టరీ పెన్షన్ స్లిప్ మీద ట్యాక్స్ తీసేముందు ఉన్న అంకె, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఊళ్ళో ఆస్తి ఉంటే దాని కాగితం పక్కన పెట్టుకోండి. చిన్నాన్నగారిది అద్దె ఇల్లో సొంతిల్లో, ఆయన పెన్షన్ సరిగ్గా ఎంతో రాస్తే వాళ్ళ లెక్క కూడా ఇదే పద్ధతిలో వేసి పెడతాను.